చేత్తో లాగి స్టార్ట్ చేసే అవుట్‌బోర్డ్ మోటారుకు బ్యాటరీ చార్జింగ్ పెట్టుకోవచ్చా?

వాడరేవు కుర్రాడు:

అందరికీ నమస్కారం. మాది చీరాల దగ్గర వాడరేవు. నాన్నకు ఫైబర్ బోటు ఉంది, దానికి యమహా 15 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ మోటారు, బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్. తాడు లాగితే స్టార్ట్ అయ్యే రకం. సెల్ఫ్ లేదు, బ్యాటరీ లేదు, లోపలి నుంచి కరెంటు బయటికి తెచ్చే వైరు ఒక్కటి కూడా లేదు. మోటారు మాత్రం బంగారం. రెండో లాగుడికి అందుకుంటుంది.

తెల్లవారుజామున మూడింటికి బోటు నీళ్లలోకి నెడతాం. మాకు జెట్టీ లేదు, ఇసుక మీద నుంచే నెట్టాలి, కెరటాలు దాటేదాకా ఒళ్లంతా తడిసిపోతుంది. ఇన్నాళ్లూ తలకు కట్టుకునే టార్చిలైట్లతోనే లాక్కొచ్చాం. పోయిన ఏడాది నేను పట్టుబట్టి జీపీఎస్ ఉన్న చిన్న ఫిష్ ఫైండర్, రెండు ఎల్ఈడీ లైట్లు పెట్టించాను. వాటికోసం 12 వోల్టుల 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ కొన్నాం. మామూలు లెడ్ యాసిడ్‌దే.

అసలు గోల ఇక్కడే. రోజూ వేట నుంచి రాగానే ఆ పది కిలోల పైచిలుకు బ్యాటరీని భుజాన వేసుకుని ఇసుకలో ఇంటిదాకా మోయాలి, చార్జింగ్ పెట్టాలి, రాత్రికి మళ్లీ మోసుకెళ్లాలి. యాసిడ్ కారి అమ్మ తువ్వాలుకు ఐదారు చిల్లులు పడ్డాయి. ఇప్పుడు బ్యాటరీ గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదని ఆర్డరు.

ఇంకో సంగతి చెప్పకపోతే మీరు సరిగ్గా సలహా ఇవ్వలేరు. ఆర్నెల్ల కిందట మా వైపు బైకులు బాగుచేసే ఒకాయన్ని పిలిచాను. మనిషి మంచివాడే, బండ్ల పని బాగా చేస్తాడు. మోటారు మూత తీసి, స్టాప్ బటన్ దగ్గర మీటరు పెట్టి చూసి, ‘ఇదిగో ఇక్కడ కరెంటు వస్తోంది’ అని ఆ వైరు నుంచే రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసేది) ద్వారా బ్యాటరీకి కలిపాడు. తాడు ఎన్నిసార్లు లాగినా స్పార్క్ లేదు. వైరు తీసేశాక కూడా లేదు. సీడీఐ, అదే స్పార్క్ పుట్టించే ఎలక్ట్రానిక్ డబ్బా, పోయింది. కొత్తది వచ్చేదాకా ఎనిమిది రోజులు బోటు ఒడ్డునే ఉంది, అదీ కానాగంత చేపలు బాగా పడుతున్న రోజుల్లో. నాన్న నన్ను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం. జూన్ 14 దాకా మోటారు ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది. ఆ రెండు నెలల్లో ఈ పని సరిగ్గా చేయించాలని ఉంది. అసలు ఈ మోటారుకు చార్జింగ్ పెట్టడం కుదురుతుందా? బైక్ ఆర్ఆర్ యూనిట్ (రెక్టిఫయర్, రెగ్యులేటర్ కలిసిన డబ్బా) పనికొస్తుందా? కరెంటు తీస్తే మోటారు లాగుడు తగ్గుతుందని నాన్న భయం, అది నిజమా? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత స్పానర్:

తమ్ముడూ, కాకినాడలో ముప్ఫై ఏళ్లుగా ఈ మోటార్లే విప్పుతున్నాను. నీ ప్రశ్నకు జవాబు: కుదురుతుంది. కానీ ముందు ఆ స్టాప్ వైరు సంగతి తేల్చేద్దాం, ఇంకెవరూ ఆ తప్పు చేయకుండా.

ఫ్లైవీల్ (మోటారు పైన తిరిగే అయస్కాంతాల చక్రం) కింద ఉన్న కాయిళ్లన్నీ ఒకే పని చేయవు. ఒకటి సీడీఐకి చార్జి ఇచ్చే కాయిల్. అందులో వందల వోల్టులు పుడతాయి కానీ కరెంటు చాలా తక్కువ. స్పార్క్ కోసమే అది. రెండోది, స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే పల్సర్. స్టాప్ బటన్ వైరు ఆ ఇగ్నిషన్‌కు సంబంధించినదే. బటన్ నొక్కితే దాన్ని బాడీకి కలిపి స్పార్క్ ఆపేస్తుంది, అంతే దాని ఉద్యోగం. అక్కడ మీటరు ముల్లు ఊగిందని బ్యాటరీ కలిపితే సీడీఐ చచ్చిపోతుంది. ఆ వైరు జోలికి ఎప్పుడూ వెళ్లొద్దు.

నీకు కావాల్సింది మూడో కాయిల్. దాన్ని లైటింగ్ కాయిల్ అంటారు. తాడు మోటార్లలో చాలావాటికి కంపెనీ దాన్ని పెట్టదు, కాయిళ్లు బిగించే ప్లేటు మీద దానికి చోటు మాత్రం వదిలేస్తుంది. ఈ సైజు యమహా మోటార్లకు వచ్చేది 12 వోల్టులు, 80 వాట్లు. పేరు లైటింగ్ కాయిల్ అని ఎందుకంటే, పూర్వం దాన్నుంచి నేరుగా బల్బు వెలిగించేవాళ్లు. యాక్సిలేటర్ పెంచితే బల్బు మండిపోయేది, తగ్గిస్తే మిణుగురు పురుగు. ఇప్పటి ఎల్ఈడీ అలా నేరుగా కలిపితే ఒక్క రాత్రి కూడా ఆగదు.

పని ఇలా చెయ్యి. మూత తీసి, తాడు చుట్ట విప్పి, ఫ్లైవీల్ నట్టు వదులు చెయ్యి. ఫ్లైవీల్‌ను పుల్లర్‌తోనే లాగాలి. దాని మీద మూడు మరల రంధ్రాలు అందుకే ఉన్నాయి. సుత్తితో అంచు మీద కొట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఒకసారి అలా కొట్టిన ఫ్లైవీల్‌లో అయస్కాంతం ఊడి లోపల కాయిళ్లన్నీ నమిలేసింది. లాగిన తర్వాత షాఫ్టు మీద అర్ధచంద్రం ఆకారంలో చిన్న కీ ఉంటుంది. అది జారి ఇసుకలో పడితే ఇక దొరకదు, అందుకే కింద గుడ్డ పరుచుకో.

ఇప్పుడు ప్లేటు చూడు. ఉన్న కాయిళ్లకు ఎదురుగా మరలున్న ఖాళీ దిమ్మెలు కనిపించాలి. అవి ఉంటే సగం పని అయినట్టే. ఫ్లైవీల్ లోపలి అంచు చుట్టూ స్క్రూడ్రైవర్ ఆనించి చూడు, అన్ని వైపులా పట్టుకుంటోందా? ఒక్క చోటే పట్టుకుంటే ఆ ఫ్లైవీల్‌లో ఇగ్నిషన్‌కు సరిపడా అయస్కాంతాలే ఉన్నట్టు. అప్పుడు కాయిల్ పెట్టినా ఏమీ రాదు, ఫ్లైవీల్ కూడా మార్చాలి.

కాయిల్ కొనేటప్పుడు మోటారు బ్రాకెట్ మీదున్న మోడల్ నంబరు మొత్తం, చివరి అక్షరంతో సహా ఫొటో తీసుకెళ్లు. ‘పదిహేను యమహా కాయిల్’ అని అడిగితే వాళ్ల చేతికి ఏది తగిలితే అది ఇస్తారు. బిగించేటప్పుడు షాఫ్టు కోను, ఫ్లైవీల్ లోపలి కోను పొడి గుడ్డతో శుభ్రంగా తుడువు, అక్కడ గ్రీజు పూయకు. నట్టు టార్క్ రెంచ్‌తో, మాన్యువల్‌లో ఉన్న లెక్కకు బిగించు. వదులైతే కీ కోసుకుపోయి టైమింగ్ పోతుంది. నడిసముద్రంలో ఆ పని చేయడం ఎలా ఉంటుందో నీకు చెప్పక్కర్లేదు.

లాగుడు తగ్గడం గురించి నాన్నకు చెప్పు: 80 వాట్లు పుట్టించడానికి మోటారు నుంచి పోయేది మహా అయితే పావు హార్స్‌పవర్. బోటులో ఒక మనిషి ఎక్కువ కూర్చుంటే పడే తేడా కూడా ఉండదు.

నిజాంపట్నం రేవు:

ఇంత విప్పడం దేనికి బ్రదర్? యాభై వాట్ల సోలార్ ప్యానెల్, చిన్న చార్జ్ కంట్రోలర్ పెట్టుకో, అయిపోతుంది. నీ బోటు పొద్దున పదింటికి ఒడ్డుకు వస్తుంది కదా, సాయంత్రం దాకా ఎండలోనే పడి ఉంటుంది. మన ఎండకు ఆ ప్యానెల్ రోజుకు 200 వాట్ అవర్ దాకా ఇస్తుంది. మోటారును ముట్టుకోనే అక్కర్లేదు.

వాడరేవు కుర్రాడు:

సోలార్ గురించి నేనూ ఆలోచించాను అన్నా. మా బోటు ఒడ్డుకు రాగానే వలలన్నీ దాని మీదే ఆరేస్తాం. ప్యానెల్ ఎక్కడ పెట్టినా దాని మీద వల పడుతుంది. విప్పి ఇంటికి తీసుకెళ్దామంటే మళ్లీ మోతే కదా. పైగా నెట్టేటప్పుడు పదిమంది చేతులు పడతాయి. ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందో ఆ చీకట్లో ఎవరు చూస్తారు.

తీగల మాస్టారు:

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి. బోట్లు నాకు తెలియవు, లెక్కలు తెలుసు. బాబూ, కాయిల్ కొనే ముందు నీ ఖర్చు ఎంతో, రాబడి ఎంతో కాగితం మీద పెట్టావా? నీ ఎల్ఈడీలు ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు వెలుగుతాయి, మోటారు నడిచేది ఎంతసేపు, ఇవి చెప్పు.

వాడరేవు కుర్రాడు:

ఎల్ఈడీలు ఒక్కోటి 10 వాట్లు మాస్టారూ, రెండూ దాదాపు నాలుగు గంటలు. ఫిష్ ఫైండర్ 10 వాట్లలోపే, ఆరు గంటలు. రెండు ఫోన్లు చార్జింగ్ పెడతాం, ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్లు పంపే చేపల జాడ మెసేజీలు, వాతావరణం అన్నీ వాటిలోనే. బోటు నుంచి మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో కూడా కొనాలని ఉంది. మోటారు పోయేటప్పుడు ముప్పావుగంట, వచ్చేటప్పుడు ముప్పావుగంట, మధ్యలో చోటు మారడానికి ఒక అరగంట. వల వేశాక మోటారు ఆపేస్తాం.

తీగల మాస్టారు:

అయితే చూడు. లైట్లు 80 వాట్ అవర్, ఫిష్ ఫైండర్ 60, ఫోన్లు రెండింటికీ కలిపి 30 అనుకో, రేడియో ఊరికే ఆన్‌లో ఉంటే ఇంకో 35. మొత్తం 205. పన్నెండుతో భాగిస్తే సుమారు 17 ఆంపియర్ అవర్. ఇది రోజు ఖర్చు.

రాబడి: 80 వాట్ల కాయిల్ అంటే కాగితం మీద ఆరున్నర ఆంపియర్లు. అది మోటారు గట్టిగా తిరిగినప్పుడు. మామూలు స్పీడులో ఐదు వస్తుందనుకో. నీ మోటారు నడిచేది రెండు గంటలు, అంటే పది. ఐడిల్‌లో ఉంటే దాదాపు ఏమీ రాదు. రోజుకు ఏడు ఆంపియర్ అవర్లు తరుగు.

35 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగానికి మించి వాడితే అది త్వరగా పోతుంది, కాబట్టి నీ చేతిలో ఉన్నది పదిహేడు చిల్లర. అంటే రెండు రోజులు నెట్టుకొస్తావు, మూడో రోజు ఇంటి చార్జింగ్ తప్పదు. కాయిల్ పెట్టినా మోత పూర్తిగా పోదు బాబూ. రోజూ మోసేది వారానికి రెండుసార్లు అవుతుంది. అది చాలనుకుంటేనే మోటారు విప్పు. ఆ లైట్లు ఒకటే వెలిగించి, రెండోది వల లాగేటప్పుడు మాత్రం వేస్తే తరుగు ఇంకా తగ్గుతుంది.

ఇక నీ ఆర్ఆర్ యూనిట్. కాయిల్ నుంచి వచ్చేది ఏసీ. దాన్ని డీసీ చేయడానికి రెక్టిఫయర్, పద్నాలుగున్నర వోల్టులు దాటకుండా ఆపడానికి రెగ్యులేటర్ కావాలి. రెండూ ఒకే డబ్బాలో ఉన్నదే ఆర్ఆర్. కానీ పాత బైకుల్లో చాలావాటికి కాయిల్ ఒక కొస బాడీకి కలిసి ఉంటుంది. వాటి ఆర్ఆర్ సగం అలను బ్యాటరీకి పంపి, మిగతా సగాన్ని హెడ్‌లైట్‌కు వాడుకుంటుంది. నీ కాయిల్ రెండు కొసలూ బాడీకి తగలకుండా విడిగా ఉండే రకం అయితే, దానికి రెండు సగాలనూ వాడుకునే ఫుల్ వేవ్ యూనిట్ కావాలి. పాత బైకుది పెడితే ఉన్న ఐదు ఆంపియర్లలో సగం వదులుకున్నట్టే.

మీటరుతో తేల్చుకోవడం సులువు. కాయిల్ రెండు వైర్ల మధ్య రెసిస్టెన్స్ ఒక ఓమ్ లోపే చూపించాలి. ఏ వైరు నుంచైనా మోటారు బాడీకి చూస్తే అసలు దారే ఉండకూడదు. దారి ఉంటే ఒక కొస బాడీకి కలిసి ఉంది, లేదా కాయిల్ ఇన్సులేషన్ పోయింది.

రెగ్యులేటర్ లేకుండా ఒట్టి బ్రిడ్జి రెక్టిఫయర్ పెట్టుకోమని ఎవరైనా అంటే వినకు. పెద్ద బ్యాటరీ అయితే కొంత తట్టుకుంటుంది. నీది చిన్నది. నిండిన తర్వాత కూడా కరెంటు తోస్తూ ఉంటే నీళ్లు ఉడికి ఆవిరైపోతాయి, ఫిష్ ఫైండర్‌కు పదహారు పదిహేడు వోల్టులు తగులుతాయి.

పాత స్పానర్:

మాస్టారు లెక్కతో నన్ను కూర్చోబెట్టేశారు. ముప్ఫై ఏళ్లలో ఈ కూడికలు తీసివేతలు నేను ఎవరికీ చెప్పలేదు, కాయిల్ పెట్టి పంపించేవాణ్ణి. ‘చాలట్లేదు’ అని మళ్లీ వచ్చినవాళ్లను బ్యాటరీ మార్చుకోమనేవాణ్ణి.

ఒక్కటి చేరుస్తాను. ఆర్ఆర్ డబ్బా బాగా వేడెక్కుతుంది, ఎక్కువైన కరెంటును అది వేడిగానే వదిలించుకుంటుంది. ప్లాస్టిక్ మూతకో ఫైబర్‌కో బిగించకు. మోటారు మీద చదునైన అల్యూమినియం చోటు చూసి అక్కడ బిగించు.

గాల్వెస్టన్ తెలుగోడు:

టెక్సాస్‌లో గాల్వెస్టన్ బేలో వారాంతం చేపలు పట్టే సరదా నాది. పన్నెండడుగుల అల్యూమినియం పడవ, తాడు మోటారే. ఇక్కడ కూడా ఇదే కథ: కాయిల్ ఆరు ఆంపియర్లని రాసి ఉంటుంది, మూడు నాలుగు దాటదు.

ఒకటి నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. బరువు తగ్గుతుందని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టాను. అది నిండగానే దాని లోపలి సర్క్యూట్ టక్కున చార్జింగ్ తెంచేసుకుంది. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంది, ఆ కరెంటు పోవడానికి దారి లేక వోల్టేజీ ఎగిరి ఫిష్ ఫైండర్ పోయింది. లెడ్ యాసిడ్‌కైనా ఇంతే, మోటారు నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీయకండి.

బ్యాటరీ ప్లస్ దగ్గరే ఒక ఫ్యూజ్ వేయండి, 15 ఆంపియర్లది చాలు. మోటారు దగ్గర వేస్తే ఉపయోగం లేదు, వైరు మధ్యలో తెగి ఎక్కడైనా తగిలితే మంట పెట్టేది బ్యాటరీయే. పెట్రోల్ ట్యాంకు పక్కన బ్యాటరీ పెట్టకండి.

వాడరేవు కుర్రాడు:

రెండు నెలల తర్వాత మళ్లీ వస్తున్నాను. పని అయింది. సంగతులు చెబుతాను, ఎవరికైనా పనికొస్తాయి.

నిషేధం మొదలైన మూడో రోజు మోటారును ఇంటి వెనక వేపచెట్టు కింద స్టాండుకు బిగించి విప్పాం. పుల్లర్ చీరాలలో ఒక షాపు నుంచి అద్దెకు తెచ్చాను. నట్టు ఒక పట్టాన కదల్లేదు, ఉప్పు పట్టేసింది. రాత్రంతా నూనె పోసి వదిలేస్తే పొద్దున వచ్చింది. దిమ్మెలు ఉన్నాయి! వాటి మరలు మాత్రం తుప్పుతో నిండిపోయి ఉంటే ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) వేసి శుభ్రం చేశాం. స్క్రూడ్రైవర్ చుట్టూ పట్టుకుంది.

కాయిల్ దొరకడానికే నెల పట్టింది. మొదట పంపింది వేరే మోడల్‌ది, రంధ్రాలు కలవలేదు. పాత స్పానర్ అన్న చెప్పినట్టు చివరి అక్షరం రాయలేదు నేను. రెండోది సరిపోయింది. మీటరు పెడితే వైర్ల మధ్య ఓమ్ లోపే, బాడీకి దారి లేదు. ఫుల్ వేవ్ ఆర్ఆర్ యూనిట్ తీసుకున్నాను.

ఫ్లైవీల్ పెట్టి చేత్తో తిప్పితే ఒక చోట సన్నగా గీసుకుంటున్న చప్పుడు వచ్చింది. గుండె జారిపోయింది. విప్పి చూస్తే కాయిల్ ఒక పక్క కొంచెం బయటికి వచ్చి అయస్కాంతానికి రాసుకుంటోంది. మరలు వదులు చేసి, లోపలికి నొక్కి, పోస్టుకార్డు ముక్క అడ్డం పెట్టి చుట్టూ తిప్పి చూసి బిగించాను. ఇది ముందే ఎవరూ చెప్పలేదేమని కోపం రాలేదు, తప్పు నాదే, తొందరపడ్డాను.

వెనక నుంచి బోటు మధ్యకు వైరు నాలుగు మీటర్లు. ఇంట్లో ఉన్న ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం వైరు వేద్దామనుకుంటే, రానుపోను ఎనిమిది మీటర్లకు అర వోల్టు దాకా దాంట్లోనే పోతుందని మాస్టారు విడిగా రాశారు. 4 స్క్వేర్ ఎంఎం వేశాను. జాయింట్లన్నింటికీ వేసెలిన్ పూసి పైన స్లీవ్ ఎక్కించాను. బ్యాటరీకి మూతున్న ప్లాస్టిక్ డబ్బా, గాలి పోవడానికి పై అంచున రెండు చిల్లులు.

డ్రమ్ము నీళ్లలో మోటారు పెట్టి స్టార్ట్ చేశాం. నాన్న తాడు లాగుతుంటే నేను మీటరు పట్టుకుని కళ్లు మూసుకున్నాను, సీడీఐ గుర్తొచ్చి. రెండో లాగుడికే అందుకుంది. వేట మొదలయ్యాక ఐదు రోజులు రాసిపెట్టాను: పరుగులో 14.1, 14.2 మధ్య, ఒడ్డుకు వచ్చి గంట ఆగాక మొదటి రోజు 12.5, మూడో రోజుకు 12.2. మాస్టారి లెక్క దాదాపు అలాగే దిగింది. నాలుగో రోజు మోసుకెళ్లి చార్జింగ్ పెట్టాను, గుమ్మం బయట.

ఇప్పుడు ఒక అనుమానం. వల లాగేటప్పుడు కొన్నిసార్లు మోటారు ఐడిల్‌లో ఉంచుతాం, లైట్లు రెండూ వెలుగుతుంటాయి. అప్పుడు మీటరు 12.3కి పడిపోయి అక్కడే నిలుస్తోంది, చార్జింగ్ వస్తున్నట్టే లేదు. ఏదైనా తేడా ఉందా?

పాత స్పానర్:

తేడా ఏమీ లేదు. ఐడిల్‌లో అంతే, కాయిల్ ఇచ్చే కొంచెం ఆ లైట్లే తినేస్తాయి. యాక్సిలేటర్ కొంచెం పెంచి చూడు, 13 దాటిందంటే అంతా బాగున్నట్టే. నెల తర్వాత ఒకసారి ఫ్లైవీల్ నట్టు టార్క్ మళ్లీ చూసుకో. పోస్టుకార్డు ఎక్కడ దొరికింది నీకు, అది చెప్పు ముందు.

వాడరేవు కుర్రాడు:

పెంచితే 13.4కి వెళ్లింది అన్నా. పోస్టుకార్డు అమ్మ పెట్టెలోది. సగం చింపాక చూసుకుంది.